ఊడని చీటీ

వేడినీళ్ళ తొట్టిలో నానిన సీసాను పైకి తీసి, బొటనవేలి గోటితో చీటీ ఊడదీశాడు అటెండర్. ఇది తొమ్మిదోది. ఇంకా ఏడున్నాయి. యూనివర్సిటీ ల్యాబ్‌లో ఇరవై తొమ్మిదేళ్ళుగా సీసాలు కడిగి కడిగి అతని వేళ్ళు తెల్లగా పాలిపోయాయి, కొనలు పగిలాయి. పేటలో అందరూ అతన్ని సీసాల మావయ్య అంటారు. మొహం మీదే అంటారు.

ఇవాళ పేట ఉత్సవంలో యూనివర్సిటీ వాళ్ళు స్టాల్ పెడుతున్నారు. పేట బోర్లలో ఫ్లోరైడ్ ఎంతుందో రెండేళ్ళు పరిశోధించారు కదా, అది జనానికి అర్థమయ్యేలా చెప్పాలట. నీళ్ళు పట్టిన అసలు సీసాలే బల్ల మీద పేరిస్తే తమ నీళ్ళని తాము గుర్తుపడతారని పరిశోధన నడిపిన మేడమ్ గారికి తోచింది. పెద్ద చదువుల ఆలోచన! నంబర్లు గుర్తుండక అటెండర్ ఆ చీటీల మీద "నోటిదురుసు టీచరమ్మ బోరు", "చేతివాటం దర్జీ బోరు" అని రాసుకున్నాడు. ఆవిడకవి ముద్దుగా ఉన్నాయి. పేటలో ఉండేది ఆవిడ కాదు.

పోట్లాడే ఇళ్ళవాళ్ళ నోళ్ళకు జడిసి వాళ్ళ చీటీలు ముందు ఊడదీశాడు. అక్కది చివరికి ఉంచాడు. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన అక్క, ఏమంటుందిలే అనుకున్నాడు. పదో సీసాకి చేయి చాచినవాడు ఎందుకో దాన్ని వదిలి అక్క సీసా అందుకున్నాడు. చీటీ మూల లేచింది. అప్పుడే బయట వ్యాన్ హారన్ మోగింది.

"ఇంకో పావుగంట ఆగండి మేడమ్."

"చీటీలు పీకేస్తున్నారేంటండీ! అందమంతా వాటిల్లోనే కదా," అంటూ లోపలికొచ్చి ఆవిడ సీసా లాక్కుంది.

పదిన్నరకి స్టాల్ చుట్టూ జనం మూగారు. వినడానికి ఒక్కరూ రాలేదు. పేట నీళ్ళ మీద పరిశోధన జరుగుతోందని పేపర్లో పడ్డప్పటినుంచీ అక్కడ అద్దెకి దిగేవాళ్ళు లేరు. ఆ కోపం అందరిలోనూ ఉంది.

"రెండేళ్ళు మా నీళ్ళు పట్టుకుపోయి, ఇప్పుడొచ్చి బొమ్మలు చూపిస్తారా?" అని ఒకామె అరిచింది.

"ఫలితాలు మొన్ననేగా అచ్చయ్యాయి, అప్పటిదాకా బయటపెట్టకూడదండీ. అది పద్ధతి," అంది మేడమ్.

"అప్పటిదాకా మమ్మల్ని తాగమనడం కూడా పద్ధతేనా?"

దర్జీ తన సీసా మీది చీటీ చదివాడు. రెండోసారి అందరికీ వినపడేలా చదివాడు. "ఏం మావయ్యా, నీ చొక్కాలో ఎంత గుడ్డ కొట్టేశానో అది కూడా రాయకపోయావా?" అని బల్లను ఒక్క తాపు తన్నాడు. సీసాలు దొర్లబోతే అటెండర్ రెండు చేతులూ అడ్డం పెట్టి ఆపాడు. ఒక్కటి కూడా పగలలేదు.

జనంలోంచి అక్క వచ్చింది. నడుము వంగిపోయిన మనిషి, బల్ల మీది సీసాలు సరిగ్గా ఆమె కళ్ళకి ఎదురుగా ఉన్నాయి. "అక్క బోరు" అని నీలం సిరా. దాని కింద ఎర్ర సిరాతో "అన్నిటికన్నా ఎక్కువ. చెప్పాలి." పక్కనే తేదీ.

"ఇది రెండేళ్ళ కిందటిది కదరా," అంది.

అతను ఆ సీసాను వెనక్కి జరపబోయాడు.

"అప్పట్నుంచేగా నువ్వు మా ఇంట్లో టీ ముట్టనిది? కడుపులో మంట అన్నావు."

"చెప్పొద్దని సంతకం పెట్టించుకున్నారక్కా. ఉద్యోగం పోతుందని..."

"తగ్గిందా మరి, మంట?" అని అడిగి అక్క వెనక్కి తిరిగింది. అప్పటిదాకా అరుస్తున్నవాళ్ళు ఆమెకి దారిచ్చారు.

అతను తెల్లకోటు విప్పి మడతపెట్టి కుర్చీలో ఉంచాడు. ల్యాబ్ తాళాలు దాని మీద పెట్టాడు.

"ఎక్కడికండీ? సీసాలెవరు సర్దుతారు?" అంది మేడమ్.

అతను అక్క వెనకే వెళ్ళాడు. ఆమె గుమ్మం ఎక్కేలోపు అందుకోలేకపోయాడు. లోపల గడియ పడింది. ఆ తర్వాత కూడా అక్క దాన్ని అతని కోసం తీయలేదు. అతను మళ్ళీ ల్యాబ్ మొహం చూడలేదు.

సాయంత్రం స్టాల్ విప్పేవాళ్ళు సీసాలన్నీ పెట్టెకెత్తారు గానీ, ఒకదాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. బల్ల మీద అది అలాగే ఉంది, నిండా తేటనీళ్ళతో, పొద్దున అతని గోరు తగిలినచోట చీటీ ఒక మూల లేచి.