రెండో రింగు దాకా

అక్క చెవులు పూర్తిగా మూతపడ్డాక ఆ ఇంట్లో టెలిఫోను ఒక బొమ్మగా మిగిలిందనే అనుకున్నాను. బావ పోట్లాడి వెళ్లిపోయిన తొమ్మిదో రోజున ఆమె నన్ను పిలిపించి, దాన్ని చూపుడువేలితో పొడిచింది.

“దీనికొక దీపం పెట్టరా. మోగితే వెలగాలి. అంత చదువు చదివావు, ఎందుకు మరి?”

“బావ చేస్తాడంటావా?” అన్నాను, పెదవులు స్పష్టంగా కదిలిస్తూ. మూడేళ్లుగా ఆమె వినేది కళ్లతోనే.

“చేయక చస్తాడా? గోడలతో మాట్లాడినట్టుందీ కాపురం అన్నాడు. అయితే గోడనే కట్టుకోవాల్సింది అన్నాను. సంచీ సర్దుకుని పరాయి ఊరి ఫ్యాక్టరీలో పనికి పోయాడు. నంబరు రాసిపోయాడులే, కానీ ముందు నేను చేస్తే అలుసైపోనూ? కోపం దిగాక తనే చేస్తాడు. అప్పుడు నేను గనక చూసుకోకపోతే, ఇక అక్కర్లేదనుకుంటాడు. ఒకసారి అనుకున్నాడంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా వెనక్కి తిరగడు.”

బావ ఫిట్టరు. మాట తక్కువ, పంతం ఎక్కువ. ఆమె చెప్పినదాంట్లో అతిశయోక్తి లేదని నాకూ తెలుసు.

టెలిఫోను తీగలో ఎప్పుడూ నిలకడగా ఒక వోల్టేజి ఉంటుంది. మోగేటప్పుడు మాత్రం దానిపై సెకనుకు ఇరవై ఐదు సార్లు ఊగే పెద్ద అల వచ్చి చేరుతుంది. నిలకడగా ఉన్నదాన్ని కెపాసిటరు ఆపి, ఊగేదాన్ని లోపలికి వదులుతుంది. ఆ అలకు ఆప్టోకప్లరులోని పిసరంత దీపం మిణుకుమంటుంది. అవతలి వైపున్న మైక్రోకంట్రోలరు చిప్పు ఆ మిణుకులను లెక్కపెట్టి, అలమర మీది ఎర్ర బల్బును వెలిగిస్తుంది. తీగకూ చిప్పుకూ నడుమ లోహం లోహాన్ని తాకదు, వెలుతురొక్కటే దాటుతుంది. ఆ ఏర్పాటు నాకు మహా ముచ్చటగా తోచింది.

బల్బు బిగించిన మర్నాడే వాన. తడిసిన లైనులో చిటపటలకు అది నాలుగుసార్లు వెలిగింది. నాలుగుసార్లూ అక్క వంటింట్లోంచి తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది. చివరిసారి స్టూలు మీద కూలబడి, “ఇలాగైతే నా గుండె ఆగిపోతుందిరా” అంది.

ఇక అబద్ధపు వెలుగు ఒక్కటి కూడా రాకూడదని, వాన తెరిపివ్వకముందే పనికి కూర్చున్నాను. మిణుకులు వరసగా అరసెకను పాటు వస్తున్నాయా అని చూస్తే చాలు. చిటపటలు అంతసేపు నిలవవు. నేను అక్కడితో ఆగలేదు. రెండు సెకన్ల మోత, నాలుగు సెకన్ల విరామం, మళ్లీ మోత: ఇంతా పూర్తయితేనే బల్బు వెలగాలని ప్రోగ్రాము తిరగరాశాను. పనిబడి చేసేవాడెవడూ ఒక్క రింగుకే పెట్టేయడని నా నమ్మకం. తిరస్కరించినవి సైతం తేదీ, వేళ, నిడివి, మిణుకుల లెక్కతో చిప్పులో నమోదయ్యేలా చూశాను. లైనులో వోల్టేజి ఎంతో మూడుసార్లు కొలిచాను. అక్కను మాత్రం ఏమీ అడగలేదు.

మూడు వారాలు గడిచాయి. బల్బు వెలిగింది రెండే సార్లు: ఒకసారి నేనే పరీక్షకు చేసినప్పుడు, మరొకసారి ఎవరిదో తప్పు నంబరు.

“నీ దీపం పాడైందేమో చూడు” అంది అక్క.

“దీపానికేం, రాయిలా ఉంది. నీ మొగుడి బుర్రే పాడైంది.”

“ఏడ్చావులే. విప్పి చూడు.”

లోపం నా పనిలో లేదని నిరూపిద్దామని ల్యాప్‌టాప్ తగిలించి నమోదులు తెరిచాను. మొదటి వరసలన్నీ వాన నాటివి. సెకనులో నూరో వంతు, యాభయ్యో వంతు. ఆ దిగువన ఒకటి నిండుగా రెండు సెకన్లు ఉంది. సాయంత్రం ఐదూ నలభై రెండు. దాని కింద ఐదూ నలభై ఒకటి. మళ్లీ నలభై రెండు. ఆదివారాలు తప్ప ప్రతిరోజూ. ప్రతిదానిలోనూ యాభై మిణుకులు, ఒక్కటీ తగ్గకుండా.

“అక్కా, ఐదున్నర దాటాక బావ ఏం చేస్తుంటాడు?”

“షిఫ్టు దిగుతాడు. దిగి ఒక రింగిచ్చి పెట్టేస్తాడు, బయల్దేరనా అని. నేనూ ఒక రింగిచ్చి పెట్టేస్తే, రమ్మని. పెళ్లైన కొత్తలో పడిన అలవాటు. చెవులు పోయాక మరీ కలిసొచ్చింది, ఫోనున్న అలమర మీద చెయ్యి పెట్టుకు కూర్చుంటే అదురు తెలిసేది. ఇప్పుడంటే నీ దీపం ఉందిగా. మధ్యలో మాటలెందుకు?” నవ్వబోయి, నా ముఖం చూసి ఆగింది. “ఏంట్రా?”

రోజూ ఒక రింగు వచ్చిందని, రెండోది లేదని నా ప్రోగ్రామే దాన్ని తోసేసిందని చెప్పాను. పెదవులు సరిగ్గా కదలక రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

ఆమె తిట్టలేదు. క్యాలెండరు మీది నంబరు చూపించి, “కలుపు” అంది.

ఫ్యాక్టరీ గేటు దగ్గరి వాచ్‌మన్ ఎత్తాడు.

“ఆ ఫిట్టరు గారా? పోయిన శుక్రవారమే మానేసి వెళ్లిపోయారండీ. ఎక్కడికో చెప్పలేదు.”

“ఫోనేమైనా చేసేవారా?”

“రోజూనండీ. ఒకసారి మోగించి పెట్టేసి, ఇదిగో, ఈ బల్ల మీదే కూర్చునేవారు, తిరిగి మోగుతుందని. ఎవరండీ ఆ మహాతల్లి, ఇంత బెట్టు చేస్తోంది అని ఏడిపించేవాణ్ని. గురువారం మాత్రం ‘ఇక పలకదులే’ అని లేచారు. ఇంతకీ మీరేమవుతారండీ?”

“బావమరిదిని.”

“అయ్యో. కాస్త ముందు చేయాల్సిందండీ.”

అతని మాటలన్నీ అక్కకు పొల్లుపోకుండా అప్పజెప్పాను.

“ఎన్నిసార్లు చేశాడు?”

“పదకొండు.”

“రాసివ్వు.”

తేదీలూ, వారాలూ, వేళలూ కాగితం మీద రాసిచ్చాను. ఆమె మొదటి వరస మీద వేలు పెట్టింది.

“శనివారం... పెరట్లో బట్టలు తీస్తున్నాను. సోమవారం ఇక్కడే ఉన్నాను, ఈ స్టూలు మీద. మంగళవారం కూడా. బుధవారం కళ్లు మండితే కాసేపు మూసుకుని, భయమేసి మళ్లీ తెరిచాను. గురువారం బల్బు మీద దుమ్ము తుడుస్తున్నాను.”

వేలు ఒక్కొక్క వరసే దిగి పదకొండోదాన్ని చేరింది.

“ఆ రోజూ ఇక్కడే. దాన్నే చూస్తున్నాను.”

వేలు ఇంకా కిందికి, తెల్లగా మిగిలిన చోటికి జరిగింది.

“దీని తర్వాతది?”

లేదని తల అడ్డంగా ఊపాను.

“సరిగ్గా చూశావా?” అంది.

నేను ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని మళ్లీ మొదటి వరస నుంచి చూడసాగాను.