ఏడులో సగం

మూడో ఉత్తరానికి జవాబు ముగించి ఆయన మెడ తిప్పుకున్నాడు. కిటికీ తెరలోంచి వడపోసినట్టు వచ్చే ఎండ అక్షరాల మీద మెల్లగా కదులుతోంది.

ఆఫీసులో అందరూ ఆయన్ని జవాబుల మాస్టారు అనేవారు. కంప్యూటర్లకు పని చెప్పే ఒక చిన్న భాషను ముప్పై ఏళ్ల క్రితం నలుగురు కలిసి తయారుచేశారు. ముగ్గురు తలో దారి చూసుకున్నారు. మిగిలిన ఈయన, ఆ భాష వాడేవాళ్ల ఫిర్యాదులకు జవాబులు రాస్తూ ఉండిపోయాడు. చాలామంది అడిగేది ఒకటే: ఏడును రెండుతో భాగిస్తే మూడే వస్తోందేమిటి, ఆ అర ఎటు పోతోంది?

‘అది తప్పు కాదు, అలాగే రాశాం’ అని ఓపిగ్గా రాసేవాడు. అప్పటి యంత్రాలు భిన్నాల బరువు మోయలేకపోయేవి. ఇప్పుడు మారుద్దామంటే, ఆ మూడునే నమ్ముకుని తిరిగే పాత పంపులు, లిఫ్టులు ఎన్నో.

పదకొండింటికి ఒక నర్సు ఫోన్ చేసింది.

“రోజుకి ఏడు మిల్లీల మందు, రెండు పూటలు. మీ భాషలో రాసిన మా ఆసుపత్రి ప్రోగ్రాం పూటకి మూడంది సార్. నాలుగు రోజులు ఒక పెద్దాయనకి మందు తగ్గింది.”

“ఇప్పుడెలా ఉన్నారమ్మా?”

“కోలుకున్నారు. నేను చూసుకోలేదని అందరూ నన్నే అంటున్నారు. నిజంగా నా తప్పేనా?”

అలవాటైన వాక్యం గొంతుదాకా వచ్చింది. మింగేశాడు.

“మీది కాదమ్మా. ఏడులో సగం మూడున్నరని ఎవరైనా అనుకుంటారు. తప్పు మాది. మీవాళ్లకి రాసిస్తాను.”

రాసి పంపాడు. తర్వాత భాషనే తెరిచి కూర్చున్నాడు. ఇకనుంచి సగమంటే సగమే. పాత పద్ధతి కావాలంటే వేరే గుర్తు వాడాలి; పాత ప్రోగ్రాంలో అది లేకపోతే, నడవకముందే ఆగిపోయి, ఎక్కడ మార్చాలో చెబుతుంది.

పక్క బల్ల ఇంజనీరమ్మ చదివి నిట్టూర్చింది. “పాతవాళ్లంతా మనమీద పడతారు సార్.”

“పడనీ అమ్మా. ఆగిపోతే తిట్టుకుంటూ సరిచేసుకుంటారు. ఆ నర్సుకి అసలు తెలియనే లేదు.”

ఆమె సరేనని తన ఆమోదం కూడా జతచేసింది.

భోజనమయ్యాక ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. కళ్లు మూతపడ్డాయి. ఇన్నేళ్లుగా రాలిపోయిన అరలన్నీ దూదిపింజల్లా కిటికీలోంచి వచ్చి, చేతుల మీద, ఒళ్లో వాలుతున్నట్టనిపించింది. ఒక్కటీ బరువు లేదు.

నాలుగింటికి ఇంజనీరమ్మ టీకి పిలిచింది. రెండోసారి పిలవబోయి, భుజం మీద చెయ్యి వేసి, అలాగే నిలబడిపోయింది.

ఆయన్ని తీసుకెళ్లాక చాలాసేపు ఆ గది ఎవరూ సర్దలేదు. బల్ల కింద, విప్పిన చోటే, ఆయన చెప్పులు. ఒకటి కాస్త ముందుకి.