ముందు సీటు

కారు ప్రయాణమంటే మా ఇంట్లో నేను మొదట సిద్ధం చేసేది తడి తువ్వాలు. నీళ్ల సీసాలు, పిల్లల బట్టలు, మా ఆయన కళ్లజోడు, అన్నీ ఆ తర్వాతే. తువ్వాలు తడిపి, పిండి, ముందు సీట్లో మా అత్తయ్య సుభద్రమ్మ కాళ్ల కింద పరిచేదాన్ని. రాజాంలో బయల్దేరి శ్రీకాకుళం చేరేసరికి అది ఎండి అట్టలా అయ్యేది. అయినా నాకు అనుమానం రాలేదు.

"కాళ్లు కాలిపోతన్నాయే అనూ" అనేది ఆవిడ. "షుగరమ్మా. అరికాళ్ల మంటలు దానికే వస్తాయి" అనేవారు మా ఆయన మురళీమోహన్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. ఆవిడకి నిజంగానే షుగరుంది కాబట్టి ఆ మాట ఇట్టే అతికిపోయింది. ఇంటికొచ్చాక నాతో, "ఆడోళ్లకి ఎక్కడో ఓకాడ మంటుండాల్సిందేనే" అని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. దాచడమెందుకు, వెనక సీట్లో సంచుల మధ్య ఇరుక్కుని కూర్చునే నాకు, ముందు సీటిచ్చినా ఈవిడకి సుఖం లేదేమిటని విసుగ్గా ఉండేది.

ఒకసారి అరసవల్లిలో కారు దిగుతూ నా చెయ్యి పట్టుకుంది. "ఇంట్లో నేని మంట ఈ బండెక్కితేనే వస్తాదేటే? నువ్వోపాలి ఇక్కడ కూకోని సూడు" అంది. "అమ్మో, మీరుండగా నేను ముందు కూర్చోడమేటత్తయ్యా! చూసినోళ్లేమనుకుంటారు?" అన్నాను. ఆ మర్యాద తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

తర్వాత ఆవిడ కారెక్కడమే మానేసింది. కళింగపట్నంలో సొంత చెల్లెలు, మా చిన్నత్త లక్ష్మణమ్మ మనవరాలి పెళ్లికి బస్సులో పోతానంది. "ఇంట్లో కారెట్టుకుని బస్సేటి, పరువు పోద్ది" అన్నారు ఈయన. "అయితే నాను రాను" అని గోడవైపు తిరిగి పడుకుంది. ముసలి పంతం అన్నది ఎవరో కాదు, నేనే. చిన్నత్తకి కోపమొచ్చి ఫోన్లు మానేసింది. ఆరు నెలలు తిరక్కుండా అత్తయ్య పోయింది. పదో రోజున చిన్నత్త వాళ్లక్క ఖాళీ మంచం పట్టుకుని, "మా అప్ప నా మీద కోపంతోనే ఎలిపోనాది" అని గుండెలు బాదుకుంది.

పోయిన నెలలో మొదటిసారి ముందు సీట్లో నేను కూర్చున్నాను. ఊరు దాటిన పది నిమిషాలకి ఎడమ పాదం వేడెక్కింది. తర్వాత కుడిది. కాసేపటికి చెప్పుల్లో వేళ్లు ముడుచుకుపోయాయి. "ఇక్కడ కాలుతోందండీ" అన్నాను. "నీకూ మొదలైందా? నలభై ఏడొచ్చాయి కదా, ఒంట్లో వేడి" అన్నారు. నాకు షుగరు లేదు. తిరిగొస్తూ దేవేంద్ర మెకానిక్ షెడ్డు దగ్గర కారు ఆపించేదాకా నేను ఊరుకోలేదు.

"బండెక్కగానే వస్తాదా, ఇంజను కాగినాకా?" అని దేవేంద్ర అడిగాడు. ఈయనకేం తెలుసు, ఆయన పక్క చల్లగానే ఉంటుంది. నేనే చెప్పాను. "కాసేపాగి. ముందు ఎడం కాలికి."

"ఏసీ ఏస్తే?"

"మొహానికి చలి, కాళ్లకి మంట."

ఆ మాటలు నావి కావు. అత్తయ్యవి. ఒక్కటీ పొల్లుపోకుండా గుర్తున్నాయంటే విన్నాననే కదా. నమ్మలేదు, అంతే.

బానెట్ ఎత్తి, లోపలి హీటరుకి వేడినీళ్లు తీసుకెళ్లే గొట్టం చూపించాడు. హీటరు కట్టేసి ఉంటే అది చల్లగా ఉండాలట. ముట్టుకుని చురుక్కుమంటే చెయ్యి లాక్కున్నాను. ఆ వేడినీళ్లని ఆపే మూతని లాగే తీగ ఊడిపోయి, మూత తెరుచుకుని అలాగే తుప్పు పట్టిపోయింది. మన ఎండలకి హీటరు ఎవరు వాడతారు? ఎవరూ చూడలేదు. వేడంతా తిన్నగా ఆ ఒక్క సీటు కాళ్ల మీదకే.

"ఈ తుప్పు సూస్తే ఏళ్లయినట్టున్నాది. ఇన్నాళ్లూ ఎవులూ సెప్పనేదా బాబూ?" అన్నాడు దేవేంద్ర.

"ఎవులూ సెప్పనేదు" అన్నారు మా ఆయన. నేను పక్కనే నిలబడి ఉన్నాను. బాగుచెయ్యడానికి అరగంట పట్టింది.

ఆదివారం కళింగపట్నం వెళ్దామన్నాను. "పోయిన మనిషి గురించి ఇప్పుడేటి లాభం? షుగరు వల్ల రానేదని పిన్నికి ఫోన్లో సెప్పీ, సరిపోద్ది" అన్నారు. నేను బస్సెక్కాను.

చిన్నత్తకి మొత్తం చెప్పాను. తువ్వాలు, తీగ, తుప్పు, బస్సులో వస్తానన్న మాట. ఆవిడ చీర చెంగు వేలికి చుట్టుకుంది.

"అయితే అప్పకి నా మీద కోపం నేదా?"

"లేదు చిన్నత్తా."

కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత నన్నే చూస్తూ అడిగింది. "మరంత మండిపోతంటే, ఒక్కపాలైనా నోరిప్పి సెప్పనేదేటే మా అప్ప?"

"చెప్పింది చిన్నత్తా. ప్రతిసారీ చెప్పింది. నాకే చెప్పింది."