మొక్కు కాదు, ఇష్టం

ఆదివారం భోజనం కాగానే బాలుసామి పేకాటకు వెళతాడు. కొడుకు అజిత్ స్నేహితులతో బైకెక్కుతాడు. ఎందుకు వెళుతున్నారని ఆ ఇంట్లో ఎవరూ అడగరు. ఇల్లాలు అఖిలాండం చెప్పులు తొడుక్కుంటే మాత్రం "ఏడికి? ఎందుకు?" అని ఇద్దరూ ఒక్కసారే తలెత్తుతారు. మనలో చాలామంది ఇళ్ళలో జరిగేదీ ఇదే.

అఖిలాండం తమిళనాడులోని రాజపాళయంలో గాయాలకు కట్టే గుడ్డ నేసే మిల్లులో పనిచేస్తుంది. కిందటేడు వాళ్ళ వీధిలో ఆరోక్కియమేరి అనే ఆమె కాపురం పెట్టింది. ఒకప్పుడు సర్కస్‌లో నోటితో మంటలు ఊదిన మనిషి. ఓ సాయంత్రం సరదాగా ఊది చూపించింది. చూసిన అఖిలాండానికి ఒళ్ళు పులకరించింది.

"నాకు నేర్పిస్తావా అక్కా?" అని అక్కడికక్కడే అడిగేసింది.

మేరి నెలల తరబడి ఆమె చేత నీళ్ళే ఊదించింది. నోటిలోని నీరు మంచులా విచ్చుకునేదాకా నిప్పు దగ్గరికి రానివ్వలేదు. ఒంటిమీద మిల్లు దూది కనిపిస్తే తిప్పి పంపేసేది. స్నానం చేసి, జుట్టు బిగించి ముడివేసి, తడి గోనెసంచి పక్కన పెట్టుకొని, గాలి ఎటు వీస్తోందో చూసుకున్నాకే దివిటీ వెలిగేది. చోళపురం దారిలోని బీడులో తన ఊపిరి మొదటిసారి మంటై లేచినప్పుడు అఖిలాండం చిన్నపిల్లలా గంతులేసింది.

ఎవరో తీసిన వీడియో వీధంతా తిరిగింది. బాలుసామి అక్క వేలమ్మాళ్ పరుగున వచ్చింది.

"ఏం తంబీ, నీ పెండ్లాం సర్కస్‌దాని మాదిరి నిప్పు ఊదుతా ఉందంట! ఊరంతా నవ్వుతా ఉండారు."

బాలుసామి తడబడ్డాడు. "అది... మారియమ్మకు వేండుదల అక్కా. అజిత్‌కు పని దొరకాలని మొక్కుకొనింది" అనేశాడు.

వేలమ్మాళ్ ముఖం తేటపడింది. "అట్ల చెప్పు! అమ్మవారి కార్యమా!" అంటూ చెంపలు వేసుకుంది.

ఆ అబద్ధంతో అంతా సర్దుకుంది. నవ్వినవాళ్ళే ఎదురుపడి దణ్ణాలు పెట్టారు. అఖిలాండానికి మాత్రం ఆ మర్యాద ఇరుకు రవికెలా తోచింది. తన సంతోషాన్ని ఎవరో పట్టుకుపోయి కొడుకు పేర రాసినట్టుంది.

మహిళా సంఘం వార్షికోత్సవంలో నిప్పు ఊదమని అఖిలాండాన్ని పిలిచారు. మైదానంలో జనాన్ని దూరంగా నిలబెట్టారు. సంఘం పెద్ద, రిటైరైన మంగళం టీచర్ మైకు ముందుకొచ్చింది. "కొడుకు కోసం మొక్కుకొని నిప్పు ఊదే ఈ తల్లి..."

అఖిలాండం ఊరుకుంటే పూలదండ పడుతుంది. నోరు విప్పితే భర్త పరువు పోతుంది. అయినా మైకు అందుకుంది.

"టీచర్, తప్పుగా అనుకోవద్దండి. వేండుదలా లేదు, ఏమీ లేదు. అజిత్ పని వాడే చూసుకుంటాడు. నాకు ఇది ఇష్టం. అందుకే నేర్చుకొన్నాను."

బాలుసామి తల దించుకున్నాడు. మేరి గాలి వాలు చూసి, కానీయమన్నట్టు తలూపింది. అఖిలాండం ఊదింది. మంట భగ్గున లేచి ఆకాశంలో విచ్చుకుంది. ముందు పిల్లలు కేకలేశారు. తరువాత ఆడవాళ్ళు. ఆఖరున, తనకే తెలియకుండా, బాలుసామి కూడా.

మంగళం టీచర్ మళ్ళీ మైకు అందుకుంది.

"నాకు పాటంటే ప్రాణం. గుడిలో పాడితే భక్తి అనినారు. పిల్లలకు నేర్పితే సేవ అనినారు. ఊరికే పాడుకొంటే మాత్రం పనిలేదా అనినారు. నేనూ నోరు మూసుకొన్నాను. ఈ పొద్దు చెప్తా ఉండాను, వినండి. దేవుడికోసమో బిడ్డలకోసమో అని సాకు చెప్పకుండా సంతోషపడేదానికి ఆడదానికి హక్కు ఉంది. దాన్ని మనమే ఒకరికొకరం ఇచ్చుకోవాల."

బండి మీద ఇంటికి వస్తుండగా బాలుసామి గొంతు సవరించుకున్నాడు.

"అక్క మళ్ళా వస్తుంది. ఏమని చెప్పేది?"

"ఇష్టమని చెప్పండి" అంది అఖిలాండం.

"సరి" అన్నాడతను. "ఇష్టమనే చెప్తాను."