గట్టు మీది దేవుడు

మేస్త్రీకి దేవుడి గురించి తెలియనిదంటూ లేదు. కనీసం అతను అలాగే అనుకునేవాడు. వారమంతా వీధుల కింద మురుగు గొట్టాలు వేయించే పని, ఆదివారం సంఘంలో పెద్దరికం. పనివాళ్ళు చాటుగా "పాస్టరుగారు" అని పిలుచుకునేవాళ్ళు. ఎదురుగా పిలిచినా పెద్దగా కాదనేవాడు కాదేమో.

అతని అక్క మొగుడు అక్కడే ఫిట్టరు. గొట్టానికి గొట్టం అతికించడంలో అంతటివాడు లేడు, దేవుడి పేరెత్తితే మాత్రం ఒంటికాలి మీద లేస్తాడు. మధ్యాహ్నం టిఫిను డబ్బాల మూతలు తీయగానే బావకీ బావమరిదికీ మొదలయ్యేది. మిగతావాళ్ళు నములుతూ వినోదం చూసేవాళ్ళు.

"సర్వశక్తిమంతుడంటావు, మంచివాడంటావు. రెండూ నిజమైతే లోకం ఇలా ఏడిచిందేంరా?" అనేవాడు బావ.

"మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు బావా. తప్పులు మనవి, అనుభవించాల్సిందీ మనమే."

"పోనీ, రక్షించాలనే అనుకున్నాడు. ఒక్క మాటతో సూర్యుణ్ణి చేసినవాడు ఒక్క మాటతో క్షమించలేడా? కిందికి రావడం, మేకులు కొట్టించుకోవడం, ఈ తతంగమంతా ఎందుకు?"

మేస్త్రీ న్యాయం, పరిహారం అంటూ అందుకుని, డబ్బా ఖాళీ అయ్యేదాకా వదిలేవాడు కాదు. "బాధపడింది ఆయన శరీరం. దైవత్వానికి బాధ అంటదు. మునిగేవాణ్ణి లాగాలంటే లాగేవాడు గట్టు మీద ఉండాలి. వాడూ మునిగితే ఏం లాభం?" అని ముగించేవాడు.

"అంటే మీ దేవుడికి బట్టలు తడవకూడదన్నమాట," అనేవాడు బావ. అందరూ నవ్వేవాళ్ళు.

ఆ నవ్వుల కింద ఒక సమాధి ఉందని అందరికీ తెలుసు. బావ కూతురు, మేస్త్రీకి మేనకోడలు, ఆరేళ్ళ పిల్ల, ఆస్పత్రిలో జ్వరంతో పోయి తొమ్మిదేళ్ళయింది. మట్టి ఇంకా పచ్చిగా ఉండగానే మేస్త్రీ బావ పక్కన నిలబడి, "దేవుడు ఏదో మేలు కోసమే తీసుకున్నాడు, ఏడవకు," అన్నాడు. బావ నిజంగానే ఏడవడం మానేశాడు. ఆ తరువాత పనిలో మాట్లాడాడు, వాదించాడు, నవ్వాడు గాని, బావమరిది ఇంటి గడప తొక్కలేదు. అక్క ఒక్కతే వచ్చి, తమ్ముణ్ణి చూసుకుని, కళ్ళు తుడుచుకుంటూ పోయేది.

ఒకరోజు పొద్దున గొట్టం అతుకు ఒకటి కారుతోంది. గొయ్యి రెండు నిలువుల లోతు. అంత లోతులో, మట్టి గోడలు కూలకుండా, రెండు పక్కలా పలకలు నిలిపి, మధ్య జాకీలు బిగించాకే మనిషి దిగాలి. ఆ మాట పనివాళ్ళ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది మేస్త్రీయే. పలకలేమో వీధి ఆ చివర ఉన్నాయి. "అయిదు నిమిషాల పనికి అవన్నీ ఎందుకు," అనుకుని అతను నిచ్చెన దిగాడు. మూడో నిమిషంలో గోడ వచ్చి మీద పడింది.

పెద్ద చప్పుడు కూడా కాలేదు. దుమ్ము తగ్గేసరికి మేస్త్రీ ఛాతీ దాకా మట్టిలో ఉన్నాడు, ఒక్క చెయ్యి మాత్రం బయట. ఊపిరి వదిలినప్పుడల్లా మట్టి ఇంకాస్త దగ్గరికి జరిగి, మళ్ళీ పీల్చుకోవడానికి చోటు తగ్గిస్తోంది.

"తాడు వెయ్యండి," అన్నాడు. "మిషన్‌తో లాగండి."

తవ్వే మిషన్ డ్రైవరు బండి ముందుకు తెచ్చాడు. ఆ బరువుకి అంచు నుంచి పెళ్ళలు రాలాయి. పైనుంచి బావ గొంతు వినబడింది.

"ఆపు. వెనక్కి పో. ఇప్పుడు లాగితే వాడు నడుం దగ్గర రెండవుతాడు."

ఆ సంగతి మేస్త్రీకి తెలియక కాదు. మట్టిలో కూరుకున్నవాణ్ణి లాగకూడదని, చుట్టూ చేత్తో తోడాలని అతనే ఎంతమందికో నేర్పాడు. ప్రాణం మీదికొచ్చేసరికి తాడు తప్ప ఏదీ గుర్తురాలేదు.

"పైనుంచి అయ్యే పని కాదిది," అంటున్నాడు బావ ఎవరితోనో. "ఎవరో ఒకరు దిగాల్సిందే."

ఫైరింజను రావడానికి ఇరవై నిమిషాలు పడుతుందన్నారు. మేస్త్రీ దగ్గర ఇరవై ఊపిరులు కూడా లేవు. అంతలో నిచ్చెన కదిలింది. బావ దిగుతున్నాడు.

"రావొద్దు బావా. ఆ పక్క కూడా పడేలా ఉంది."

"కనబడుతోంది."

"తప్పు నాది. పలకలు..."

"అదీ కనబడుతోంది. నోరు మూసుకుని ఊపిరి దాచుకో."

బావ మోకాళ్ళ మీద కూర్చుని, తలమీది హెల్మెట్ తీసి, దాంతోనే బావమరిది ఛాతీ ముందు మట్టి తోడడం మొదలుపెట్టాడు. పెళ్ళలు రాలుతుంటే మీదికి వంగి, వీపు అడ్డం పెట్టాడు. ఒక్కొక్కటి పడ్డప్పుడల్లా అతని నోట్లోంచి ఒక మూలుగు, మేస్త్రీ చెవి పక్కనే. ఒకసారి పెద్ద పెళ్ళ పడింది. బావ ముఖం నొప్పితో మెలితిరిగిపోయింది. చేతులు మాత్రం ఆగలేదు.

మేస్త్రీకి కొంచెం ఊపిరి అందింది. దాంతోపాటే, చచ్చిపోతానన్న భయం కంటే పెద్దదేదో అతన్ని పట్టుకుంది. జానెడు దూరంలో బావ ముఖం ఉంది, కనురెప్పల నిండా మన్ను, చెమట. పైన హాయిగా ఉండదగ్గ మనిషి. ఏ తప్పూ చెయ్యనివాడు. తప్పు చేసినవాడి మీద పడాల్సిన దెబ్బలు వీపున కాసుకుంటున్నాడు, తప్పు సంగతి ఒక్కసారి కూడా ఎత్తకుండా. రక్షించడానికి వచ్చేవాడు ఇలా వస్తాడా, అనుకున్నాడు మేస్త్రీ. ఇలా వచ్చేవాడే దేవుడైతే, ఇన్నేళ్ళూ నేను గట్టు మీద నిలబెట్టింది ఎవర్ని? వణకడానికి కూడా మట్టి చోటివ్వలేదు. దేవుడి ఎదుట ఉన్నానని జీవితంలో మొదటిసారి అనిపించింది.

"ఎందుకు దిగావు బావా?" అన్నాడు ఎలాగో.

బావ తోడుతూనే ఉన్నాడు. "ఆస్పత్రిలో పాప దగ్గరికి నన్ను పోనివ్వలేదురా. అద్దాల తలుపు బయట నిలబెట్టారు. లోపల అది ఒక్కతే ఉంది. ఒక్కతే పోయింది. ఇంకోసారి బయట నిలబడటం నా వల్ల కాదు."

ఫైరింజనువాళ్ళు వచ్చి, పలకలు దింపి, జాకీలు బిగించారు. బావని పైకి పొమ్మంటే మొండికేశాడు. మట్టి వదలడానికి రెండు గంటలు పట్టింది.

ఆస్పత్రిలో ఇద్దరివీ పక్కపక్క మంచాలు. మేస్త్రీకి కాలు విరిగింది, బావకి రెండు పక్కటెముకలు. అక్క మధ్యలో కూర్చుని, "ఒకడికి బుద్ధి లేదు, ఇంకొకడికి భయం లేదు," అని ఇద్దర్నీ సమానంగా కడిగేసింది. మర్నాడు సంఘంవాళ్ళు వచ్చి ప్రార్థన చేసి, మేస్త్రీ లేచి తిరగ్గానే, దేవుడు ఎలా కాపాడాడో సంఘం ముందు సాక్ష్యం చెప్పాలన్నారు. ఎప్పుడూ మైకు కోసం ఎదురుచూసే మనిషి, ఆలోచించి చెబుతానన్నాడు.

అక్క మందులకి వెళ్ళాక మేస్త్రీ పక్క మంచం వైపు తల తిప్పాడు.

"పాప సమాధి దగ్గర నేనొక మాటన్నాను బావా. అనకూడని మాట. నన్ను క్షమించు."

బావ పైకప్పు వైపే చూస్తున్నాడు. "ఇప్పుడైతే ఏమంటావు? ఆ తలుపు లోపల నా పిల్ల ఒక్కతే ఉన్నప్పుడు మీ దేవుడు ఎక్కడున్నాడు?"

తొమ్మిదేళ్ళుగా అరిగిపోయేలా చెప్పిన జవాబులన్నీ మేస్త్రీ నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ బయటికి రానివ్వలేదు.

"ఎందుకు పోయిందో నాకు తెలీదు. తెలుసని ఇక ఎవరితోనూ అనను. కానీ ఆయన బయట నిలబడ్డాడంటే మాత్రం నమ్మలేను బావా. పాప ఒక్కతే లేదు."

"నువ్వు చూశావా?"

"ఆయన్ని చూళ్ళేదు. నిన్న నిన్ను చూశాను."

బావ గోడవైపు తిరగబోయాడు. పక్కటెముకలు తిరగనివ్వలేదు. అందుకని అలాగే వెల్లకిలా పడుకుని, బావమరిది చూస్తుండగానే, కూతురి కోసం ఏడ్చాడు.