దయాకుమారి చెప్పని సాక్ష్యం

తెల్లటి మంచు.

దుబాయ్ కరామాలో జనవరి పొద్దు. ఎదుటి బిల్డింగు లేదు. దాని పక్క బిల్డింగూ లేదు. కిటికీ అద్దానికి అవతల లోకాన్ని ఎవరో తడిగుడ్డతో తుడిచేసినట్టు... కింద హారన్ వినిపిస్తోంది. కారు కనిపించడం లేదు.

కనిపించనిదల్లా లేనట్టు కాదు — అని దయాకుమారి అనుకోలేదు. అంతంత మాటలు ఆమె పొద్దున్నే అనుకోదు.

ఈ మంచులో టాక్సీ దొరుకుతుందా, అనుకుంది.

కొత్త సంవత్సరం మొదటి రోజు. ఆరాధనకు వెళ్ళాలి. సంఘానికంతా పంచాల్సిన వాగ్దానం కార్డులు ఆమె సంచిలోనే ఉన్నాయి.

కత్తిరించింది ఆమే. పాస్టరుగారు పంపిన వాక్యాలను టైపింగ్ సెంటర్లో ప్రింటు తీయించి, భోజనాల బల్ల మీద పరిచి, కత్తెర పట్టింది. ఒకవైపు ద్రాక్షగుత్తి బొమ్మ. రెండోవైపు దేవుడి మాట. చివరి కాగితంలో చివరి గడి ఖాళీగా మిగిలిన సంగతి చూసుకోలేదు. అవతల కుక్కర్ కూస్తోంది. ఆ గడి కూడా అంచులు తీరుగా, ముచ్చటగా, కార్డైపోయింది.

చర్చి కాంపౌండులో తెలుగువాళ్ళది ఒక్క గది. గోడకు అటు మలయాళీలు. ఇటు ఫిలిప్పీన్స్ వాళ్ళు. మూడు భాషల పాటలూ గోడలు దాటి ఒకదాని మీద ఒకటి పడతాయి. పైన విడదీసుకుంటాడులే, అని అందరి ధైర్యం.

స్టీలు పళ్ళెంలో కార్డులు బోర్లించి ఉంటాయి. కళ్ళు మూసుకుని ఒకటి తీయాలి. పైకి చదవాలి. అందరూ ఆమెన్ అనాలి. ఆ ఏడాదికి దేవుడు ఆ మనిషికిచ్చిన మాట అదే.

నర్సు జెన్నిఫర్‌కి విశ్రాంతి ఇస్తానన్న మాట వచ్చింది. పాపం, డ్యూటీలు వేసేవాళ్ళు విశ్వాసులు కారు.

దయాకుమారి భర్త యేసురత్నానికి, తోకగా కాదు తలగా ఉంటావన్న మాట వచ్చింది. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో ఒక గోడౌనుకి అతను స్టోర్‌కీపరు. అక్కడ సూపర్‌వైజరు పోస్టు ఖాళీగా ఉంది. అతని ఆమెన్ గోడ దాటి మలయాళీల వైపు వెళ్ళింది.

పళ్ళెం పట్టుకుని తిరిగింది కాబట్టి దయాకుమారిది చివరి వంతు. మిగిలిన ఒక్క కార్డూ తీసింది. తిప్పింది.

ద్రాక్షగుత్తి.

మళ్ళీ తిప్పింది.

తెలుపు.

ఆమెన్ అనడానికి తెరిచిన నోళ్ళు తెరిచినట్టే ఉన్నాయి.

"ప్రింటు తప్పమ్మా," అన్నారు పాస్టరమ్మగారు గబగబా. "నేనొక మంచి వాక్యం రాసిస్తాను. అలా వట్టి చేతులతో ఏడాదిలోకి వెళ్ళకూడదు."

"నాది తీసుకో దయా," అన్నాడు యేసురత్నం. తలనీ తోకనీ కలిపి ఇచ్చేశాడు మనిషి.

దయాకుమారి కార్డు వంక చూసింది. ఇది అద్భుతం కాదని ఆమెకు తెలుసు. కత్తెర ఆమెది. కుక్కర్ ఆమెది. కానీ దేవుడు కత్తెర పట్టుకోకూడదని ఏ వాక్యంలోనూ చదివిన గుర్తు లేదు.

"వద్దండీ," అంది. "ఇదే నాది."

తిరుగు దారిలో మెట్రోలో యేసురత్నం ఊరుకోలేదు. "ఖాళీ ఏంటే? ఏడాదంతా ఏం చూపించి అడుగుతావు ఆయన్ని?"

అవును మరి.

ఏం చూపించి?

ఇన్నాళ్ళూ ఆమె ప్రార్థన షాపులో వారంటీ కార్డు చూపించినట్టే ఉండేది. నువ్విలా అన్నావు. ఇదిగో, అచ్చులో ఉంది. ఇవ్వు మరి. ఒక్కో ఏడాది ఇచ్చేవాడు. ఒక్కో ఏడాది ఊరుకునేవాడు. ఎలాగైనా అది కౌంటరుకు ఇటూ అటూ నిలబడి మాట్లాడే మాటే.

ఇప్పుడు కార్డు లేదు.

కౌంటరూ లేదు.

మొదటి రోజు వంటింట్లో నిలబడి ఏం మాట్లాడాలో తెలియలేదు. పరలోకమందున్న అని మొదలుపెట్టి ఆగిపోయింది. అంత దూరాన ఉన్నవాడితో కొత్తిమీర ధర ఏం చెబుతాం?

"ఏవయ్యా," అంది చివరికి. "ఇవాళ కొత్తిమీర వాడిపోయింది."

జవాబు లేదు.

మర్నాడు, పక్కింటి పిల్లాడి జ్వరం సంగతి చెప్పింది. జవాబు లేదు. ఆ పైన మోకాలి నొప్పి. ఆ పైన ఊళ్ళో చెల్లెలి మీద ఎప్పటిదో కోపం... ఆ కోపంలో సగం తప్పు తనదేనన్న సంగతి. అది ఎవరికీ చెప్పలేదు అంతవరకు.

జవాబు లేదు.

కానీ ఆ లేకపోవడం వట్టిది కాదు. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరి మధ్య ఉంటుందే — అలాంటి మౌనం. మాట లేదు. పని సాగుతోంది. మనిషి ఉన్నాడు.

వింటున్నాడని ఎలా తెలుసు?

పెళ్ళయిన ఆడదానికి తెలుస్తుంది — ఎవరు వింటున్నారో, ఎవరు ఊరికే ఊ కొడుతున్నారో.

ఫిబ్రవరి వెళ్ళింది. మార్చి వెళ్ళింది. సూపర్‌వైజరు పోస్టుకు ముదీర్ అని పిలిచే మేనేజరు బావమరిది వచ్చాడు. యేసురత్నం వారం రోజులు పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు. ఉప్పు సరిగ్గానే ఉంది. ఆ సంగతీ ఆమె వంటింట్లో చెప్పింది. ఎవరో నవ్వు ఆపుకున్నట్టు అనిపించింది.

ఏప్రిల్‌లో వాన వచ్చింది.

ఎడారికి వాన చుట్టం. ఎప్పుడో వస్తుంది, గుమ్మంలోనే నిలబడి పోతుంది. ఈసారి సామానుతో వచ్చింది. పొద్దున్నే ఆకాశం ఆకుపచ్చగా మారింది. పట్టపగలు దీపాలు వేసుకున్నారు. నీళ్ళు రోడ్డెక్కాయి, మెట్లెక్కాయి, కార్లను కాగితం పడవల్లా పక్కకు జరిపాయి.

సాయంత్రం యేసురత్నం ఫోన్ చేశాడు.

"దయా, కంపెనీ బస్సు రాలేదు. మెట్రో ఆగిపోయిందంట. కొంచెం దూరం నడుస్తా. రోడ్డు కింద దారి ఒకటుంది, అది దాటితే..."

దాటితే?

ఫోన్ ఆగిపోయింది. మళ్ళీ కలవలేదు.

తెల్లారింది. ఎండ.

ఏమీ ఎరగనట్టు ఎండ. వీధి నిండా నీళ్ళు. నీళ్ళ నిండా ఆకాశం. అంత అందంగా ఉన్నందుకు ఆమెకు ఒళ్ళు మండింది.

పక్క ఫ్లాట్ సైదున్నీసా టీ పట్టుకొచ్చింది. నెల్లూరి మనిషి. ఆమె భర్త జానీ బాషా అప్పటికే పికప్ తీసి వెతకబోయాడు. సందు చివర ఇంజిన్లోకి నీళ్ళొచ్చి ఆగిపోయి, నడుం దాకా తడిసి తిరిగొచ్చాడు.

"ఏందక్కా, అట్ట కొయ్యలాగా నిలబడ్డావు? ఏడువు కొంచెం. తేలికవుద్ది."

"ఏడిస్తే నీళ్ళింకా పెరుగుతాయి సైదా."

సైదున్నీసాకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేసింది. ఆ తర్వాత ఎవరో పిలిచినట్టే తన గదిలోకి వెళ్ళి నమాజు చాప పరుచుకుంది.

సంఘం గ్రూపులో పాస్టరమ్మగారి గొంతు వచ్చింది. "అందరం మోకాళ్ళ మీద ఉన్నాం దయమ్మా. నేనేమీ అనట్లేదు... కానీ ఆ రోజే ఒక వాక్యం రాసిస్తానన్నానా, లేదా? ఇప్పుడు పట్టుకోవడానికి ఉండేది కదమ్మా."

దయాకుమారి ఫోను బల్ల మీద బోర్లించింది.

వంటింట్లోకి వెళ్ళింది. తలుపు వేసుకుంది.

పాత అలవాటు చేతుల్లో ఇంకా ఉంది. చూపించడానికి ఏదో ఒకటి వెతికాయి చేతులు. నువ్విలా అన్నావు, అని చెప్పడానికి. ఆయన ఏమీ అనలేదు. ఈ ఏడాది ఆమెతో ఆయన ఒక్క మాట కూడా అనలేదు.

"ఏవయ్యా," అంది.

గొంతు మామూలుగానే వచ్చింది. కొత్తిమీర సంగతి చెప్పినట్టే వచ్చింది.

"ఆయనకి ఈత రాదు. నీకు తెలుసు. గోదారి గట్టున పుట్టి ఈత రానివాణ్ణి ఏరి ఏరి నాకు కట్టబెట్టింది నువ్వే..."

ఆగింది.

బయట ఎక్కడో మోటారుతో నీళ్ళు తోడుతున్నారు. ఆ చప్పుడు ఆగింది. మొదలైంది. మళ్ళీ ఆగింది.

ఆ ఆగినప్పుడు — ఎదురుగా కూర్చున్నవాడు పీట దగ్గరికి లాక్కున్నట్టు...

అంతే. వెలుగు రాలేదు. స్వరం రాలేదు. దగ్గరతనం ఒకటి వచ్చింది. ఇన్నాళ్ళూ గదికి అవతలి చివర ఉన్న మౌనం వచ్చి మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

అప్పుడు ఆమె అడగాల్సింది అడిగింది. చెప్పాల్సింది చెప్పింది. అతను రాకపోతే మన ఇద్దరి సంగతి ఏమిటి — అదీ తేల్చుకుంది.

ఆ మాటలు ఇక్కడ రాయడానికి లేదు. తలుపు వేసి ఉంది.

తలుపు తీసి బయటికొచ్చినప్పుడు ఆమె ముఖం చూసి, ఫోన్ వచ్చిందనుకుంది సైదున్నీసా. "ఏమన్నా తెలిసిందా అక్కా?"

"లేదు. బియ్యం కడుగుతా. ఆకలితో వస్తాడు."

"వస్తాడా?"

దయాకుమారి బియ్యం కొలిచింది. ఇద్దరికి.

ఎండ వాలేవేళకి వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, బూట్లు ప్లాస్టిక్ సంచిలో వేసుకుని, మెడ దాకా ఎండిన బురదతో. రోడ్డు కింద దారిలో కాలు జారిందట. హన్మంతు అనే నిజామాబాద్ మనిషి చొక్కా పట్టి లాగాడట. తన లేబర్ క్యాంపు గదికి తీసుకెళ్ళి, తన లుంగీ ఇచ్చి, తన మంచం ఇచ్చి, తెల్లారాక పచ్చిపులుసుతో అన్నం పెట్టి పంపాడట. ఫోను అక్కడే నీళ్ళలో ఉందట, నంబర్లన్నీ అందులోనే.

దయాకుమారి అన్నీ వింది.

"ముందు స్నానం చెయ్యండి," అంది. "నేలంతా పాడవుతోంది."

అని, బాత్రూములో నీళ్ళు పడుతున్నంత సేపూ గోడ పట్టుకుని నిలబడింది.

ఆదివారం సంఘమంతా ఆమె వైపే తిరిగి కూర్చుంది. సాక్ష్యం చెప్పాలి. మేలు పొందినవాళ్ళు లేచి, ఏ మాట పట్టుకుని ఎలా ప్రార్థించారో చెప్పడం ఆనవాయితీ. వినేవాళ్ళు బలపడతారు. కొందరు నోట్ చేసుకుంటారు కూడా — తమకు అవసరం పడితే అదే మాట వాడదామని.

మైకు చేతికొచ్చింది. దయాకుమారి లేచింది.

"మా ఆయన ఇంటికొచ్చారు. దేవుడికి స్తోత్రం. హన్మంతుగారిని కూడా దీవించమని ప్రార్థించండి."

కూర్చుంది.

గది ఇంకా వింటూనే ఉంది. గోడకవతల మలయాళం పాట ఒక చరణం పూర్తిచేసింది.

"అదేంటమ్మా," అన్నారు పాస్టరమ్మగారు. ఈసారి గొంతులో తప్పుపట్టడం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. "పట్టుకోవడానికి మాటే లేదు కదా నీకు. ఏమని అడిగావు? మాకూ చెబితే నేర్చుకుంటాం."

"చెప్పకూడదండీ."

"ఎవరన్నారు చెప్పొద్దని?"

"ఎవరూ అనలేదండీ. మేమిద్దరం అనుకున్నాం."

తలలన్నీ యేసురత్నం వైపు తిరిగాయి. అతను తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు. వెనక గోడ. మొదట నర్సు జెన్నిఫర్‌కి నవ్వొచ్చింది. ఆమె నుంచి పక్క వరుసకు, పక్క వరుస నుంచి వెనక్కి... పాస్టరమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వు తగ్గాక మాత్రం చాలాసేపు తల వంచుకునే ఉన్నారు.

ఇంటికొచ్చాక యేసురత్నం వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. స్టవ్ మీద టీ నీళ్ళు పెట్టి ఉన్నాయి.

"నాక్కూడా చెప్పవా?"

"ఊహూ."

"నా గురించే కదే!"

"మీ గురించే. మీతో కాదు."

అతనికి కోపం రాబోయి, దారి తెలియక ఆగిపోయింది. ఇరవై ఏళ్ళుగా పక్కనే పడుకున్న మనిషికి తను ఎరగని స్నేహం ఒకటుంది. అదీ ఈ ఇరుకు వంటింట్లో. పప్పుడబ్బాల మధ్య.

"అయితే ఆయన్నే అడుగుతాను," అన్నాడు. వేళాకోళంగానే అన్నాడు.

"అడగండి."

దయాకుమారి చెయ్యి తుడుచుకుని పక్కకు తప్పుకుంది. స్టవ్ ఎదుట చోటిచ్చింది. యేసురత్నం లోపలికి వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు. ఆరాధనలో మొదలుపెట్టినట్టే, మహోన్నతుడవైన... అని మొదలుపెట్టి, ఎదుట ఉన్న కారం డబ్బా చూసి ఆగాడు.

"తర్వాత?" అన్నాడు ఆమె వైపు తిరిగి. "నువ్వెలా మొదలుపెడతావు?"

ఆమె చెప్పలేదు. బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

లోపల నీళ్ళు మరుగుతున్నాయి. మాట వినిపించలేదు. దగ్గు వినిపించింది. మళ్ళీ ఏమీ లేదు... తలుపు సందులోంచి వంటింటి కిటికీ కొంచెం కనిపిస్తోంది. ఆవిరి అద్దమంతా కమ్ముకుంటోంది. ఎదుటి బిల్డింగు పోయింది. దాని పక్కదీ పోయింది.

తెలుపు.

అతను స్టవ్ ఆపలేదు. ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.