అచ్చం మనలాంటిదే

ఫ్లాస్కుల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ వెండక్క అనేవారు. రెండు పొరల గాజు సీసా మధ్యలోకి వెండి ద్రావణం పోసి, గోరువెచ్చని నీళ్ల తొట్టిలో దాన్ని మెల్లగా తిప్పడం ఆమె పని. తిప్పగా తిప్పగా గాజు మసకబారేది, పొగరంగుకు తిరిగేది, ఉన్నట్టుండి అద్దమైపోయేది. పందొమ్మిదేళ్లుగా ఆ అద్దంలో తన ముఖం మంచులోంచి నడిచొచ్చినట్టు తేలడం చూస్తున్నా ఆమెకు విసుగు పుట్టలేదు.

"మొహం చూసుకున్నందుకు జీతమిస్తున్నారే నీకు!" అని ప్యాకింగులో పనిచేసే వదిన ఆటపట్టించేది. వదినంటే భర్తకు అక్క. నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి.

ఇంతలో ఓడల మీద విదేశీ ఫ్లాస్కులు దిగాయి. దుకాణాల్లో ముందు వరసంతా వాటిదే అయింది. మూడు షిఫ్టులు రెండై, రెండు ఒకటై, చివరికి ఒక సోమవారం గేటుకు తాళం పడింది.

పని లేని మధ్యాహ్నాలు ఎంతకీ గడిచేవి కావు. కిటికీ ఎండ నేలమీద పాకుతూ గోడెక్కేదాకా చూస్తూ కూర్చునేది. కునుకు పడితే చేతులు వాటంతటవే తిరిగేవి. "ఎవరికి తిప్పుతున్నావే?" అని భర్త నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఊరుకునేవాడు.

దిగుమతుల దెబ్బకు పని పోయినవాళ్లకు ప్రభుత్వం కొత్త పని నేర్పిస్తుందని, నేర్చుకున్నన్నాళ్లూ భృతి ఇస్తుందని యూనియన్ పెద్దాయన కబురు తెచ్చాడు. కాకపోతే పని పోయింది దిగుమతుల వల్లేనని ముందు తేలాలి. విచారణకు ఒక అధికారిణి వస్తోంది. "ఫ్లాస్కు కడుపులో ఏముందో నీకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు. నువ్వే మాట్లాడాలమ్మా" అన్నాడాయన.

వెండక్క బజారుకెళ్లి విదేశీ ఫ్లాస్కు ఒకటి కొనుక్కొచ్చింది. పొద్దున వేడినీళ్లు పోసి మూత బిగించింది. సాయంత్రం మూత తీస్తే ఆవిరి ముఖానికి కొట్టింది. అడుగుభాగం విప్పి లోపలి సీసాను చీరకొంగులోకి తీసుకుంది. వెండి ఎక్కడా మబ్బు పట్టలేదు. భుజం దగ్గర మాత్రం ఒక పక్క పూత రవ్వంత చిక్కగా ఉంది. అలా వచ్చిందంటే తిప్పింది మనిషి చెయ్యే. ఎడమచేతివాటం మనిషి.

ఆమె ఆ చోటును వేలితో తడిమింది. ఎక్కడో సముద్రానికి ఆవల, గోరువెచ్చని నీళ్ల ముందు ఎవరో కూర్చున్నారు. ఆడమనిషే అయ్యుంటుందని ఎందుకో అనిపించింది. ఆ మనిషికీ సాయంత్రానికి మణికట్టు లాగుతుందా? ఆ రోజు నుంచి వంట చేస్తున్నా, బట్టలారేస్తున్నా ఆ ఎడమచెయ్యి ఆమె కళ్లముందే తిరుగుతుండేది.

"చెత్త సరుకని చెప్పు. రెండు రోజుల్లో పగిలిపోతుందని చెప్పు" అని విచారణకు వెళ్తూ దారి పొడుగునా వదిన నూరిపోసింది.

విచారణ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లోనే జరిగింది. అధికారిణి చిన్న వయసుది. జలుబుతో ముక్కు ఎర్రబడి ఉంది. ఫ్యాక్టరీ సీసానూ విదేశీ సీసానూ బల్లమీద పెట్టించి, "విదేశీ సరుకు మీదానికన్నా నాసిరకమా అండీ?" అని అడిగింది.

వెండక్క విదేశీ సీసాను చేతిలోకి తీసుకుంది. వెనక నుంచి వదిన నడుం మీద గిల్లింది.

"కాదండీ. అచ్చం మాలాంటిదే. పేర్లు చెరిపేసి పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పడం నాకూ కష్టమే. చేసినవాళ్లకి పని వచ్చు."

క్యాంటీన్‌లో గుసగుసలు రేగాయి. "కొంప ముంచావు కదే!" అని వదిన తల పట్టుకుంది.

అధికారిణి రాయడం ఆపి తలెత్తింది. "కంగారు పడకండి. రూలు అడిగేదే అది. వచ్చిన సరుకు మీరు చేసేలాంటిదే అయితేనే, దాని వల్ల మీ పని పోయినట్టు లెక్క. వేరే రకమైతే నేను చెయ్యగలిగేది ఏమీ ఉండదు" అంది.

"మరి ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా తల్లీ! అనవసరంగా దాన్ని గిల్లాను" అంది వదిన. క్యాంటీన్‌లో అంతమంది కలిసి నవ్వి చాలా నెలలైంది.

మంజూరు కాగితం రావడానికి ఇంకో అయిదు నెలలు పట్టింది. ఈలోగా కొందరు ఊరు విడిచారు. యూనియన్ పెద్దాయన గోదాము కాపలాకు కుదిరిపోయాడు. "బడికెళ్లే వయసా నాది?" అంటూ వదిన కోర్సుల జాబితాను మడిచి విసనకర్ర చేసుకుంది. వెండక్క మాత్రం నీటి పరీక్షల కోర్సులో చేరింది. తన పిల్లల వయసువాళ్ల మధ్య కూర్చుని, లెక్కల్లో ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కింది. పడవలో తిరుగుతూ జలాశయం నీళ్ల నమూనాలు తీసే ఉద్యోగం వచ్చింది. జీతం ఫ్యాక్టరీలోకన్నా కాస్త తక్కువే.

ఒక ఆదివారం పొద్దున్నే వదినను కూడా పడవెక్కించుకుంది. పొగమంచులో ఒడ్డు కనపడకుండా పోయింది. నీళ్లేవో ఆకాశమేదో తెలియడం లేదు. వదిన రెండు చేతులా పడవ అంచు పట్టుకుని బిగుసుకుపోయింది.

"ఇంతకీ ఏ పక్కకి పోతున్నామే?"

"ఏమో వదినా, కాసేపు పోనీ" అంది వెండక్క తెడ్డు పైకి తీసి.